తప్పు బూజుదా, మనిషిదా

బూజు గురించి మాట్లాడటం మొదలుపెడితే మా ఇంట్లో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోతారు. మావారు బాల్కనీలోకి, పిల్లలు వచ్చి ఉంటే ఫోన్లలోకి. జర్మనీ ఆస్పత్రుల్లో ముప్ఫై ఏళ్ళకు పైగా నేను చేసిన ఉద్యోగం అదే మరి. రోగి ఊపిరితిత్తుల్లోంచో రక్తంలోంచో తీసి పంపిన నమూనాలో బూజు ఉందా లేదా, ఉంటే ఏ జాతిది, ఏ మందుకు చస్తుంది అని చూడటం. పెళ్ళి భోజనాల దగ్గర "మీరేం చేస్తారండీ?" అని ఎవరైనా అడిగితే "డాక్టర్ని" అని అక్కడితో ఆపేయడం త్వరగానే నేర్చుకున్నాను. అంతకుమించి చెబితే పక్కవాళ్ళు పెరుగన్నం వదిలేస్తారు.

ఇప్పుడు ఎర్లాంగెన్‌లో సైకిలు తొక్కుకుంటూ విశ్రాంతిగా ఉన్నాను. ఇక్కడ మెడిసిన్ చేస్తున్న తెలుగు పిల్లలు, ల్యాబుల్లో కొత్తగా చేరినవాళ్ళు అప్పుడప్పుడు కాఫీకి పిలిచి "ఆంటీ, మీరు మర్చిపోలేని కేసు ఒకటి చెప్పండి" అంటారు. ఎవరూ చూడని వింత బూజేదో చెబుతానని వాళ్ళ ఆశ. నేను చెప్పే కేసులో బూజు పరమ మామూలుది. రాలిన ఆకుల్లో, కుండీ మట్టిలో, కెల్లర్ అనే నేలమాళిగ గోడల మీద ఉండేదే. మీరు ఈ వాక్యం చదివేలోపు దాని విత్తులు నాలుగైనా పీల్చి ఉంటారు. కంగారుపడకండి, మీ తెల్లకణాలు వాటిని అక్కడికక్కడే తినేస్తాయి. ఆ తెల్లకణాలే లేనివాడి సంగతి వేరు.

అది కరోనా మొదటి ఏడాది. ఆ వసంతంలోనే నేను రిటైర్ కావాల్సింది. కేకు కూడా ఆర్డరిచ్చారు. ఇంతలో దేశమంతా తలుపులు వేసుకుంది, "ఇంకొక్క ఏడాది ఉండండి" అని పైవాళ్ళు బతిమాలారు, నేను ఉండిపోయాను. ఊరి పేరు, ఆస్పత్రి పేరు చెప్పను. బతికున్నవాళ్ళ గురించి రాసేటప్పుడు ఆ మాత్రం మర్యాద ఉండాలి.

మా ల్యాబులో మిగతా పదిమందినీ కరోనా పరీక్షలకు లాక్కుపోయారు. బూజు విభాగానికి మిగిలింది నేను, మా టెక్నీషియను. ఆమె ఆ చుట్టుపక్కల పల్లెటూరి మనిషి. నాకంటే రెండేళ్ళు చిన్న, గొంతు నాకంటే రెండింతలు. ప్లేట్లలో పెరిగే బూజులతో మాట్లాడేది. "ఏమ్మా, ఇవాళ్టికైనా రంగు వేసుకుంటావా?" అని వాటిని గదమాయించేది. నేను తొందరపడి మూత తీయబోతే నా చేతిమీద ఒక్కటి వేసేది. జర్మన్లు ముభావంగా ఉంటారని ఎవరైనా నాతో అంటే ఆమె ఫోన్ నంబరు ఇవ్వాలనిపిస్తుంది.

శరదృతువు మొదట్లో ఒక నమూనా వచ్చింది. ట్యూబు మీద ఇంటిపేరు చూడగానే మనవాడే అని తెలిసిపోయింది. ముప్ఫై రెండేళ్ళ అబ్బాయి, కరీంనగర్ వైపువాడు. పాడర్‌బోర్న్‌లో కంప్యూటర్ సైన్సు చదివి, మా ఊళ్ళో సాఫ్ట్‌వేర్ ఉద్యోగంలో కుదురుకున్నాడు. ఆ ఏడాదే రక్త క్యాన్సరని తేలింది. కీమో ఇచ్చారు, జబ్బు అణిగింది. కానీ అది అణిగి ఉండే రకం కాదు, ఎముక మజ్జ మార్పిడి జరగకపోతే మళ్ళీ తిరగబడుతుంది. అదృష్టం కొద్దీ సరిపోయే దాత దొరికాడు. ఎవరో ముక్కూ మొహం తెలియని జర్మన్. మార్పిడికి తేదీ కూడా ఖాయమైంది. ఆలోపు కాస్త కోలుకోమని ఇంటికి పంపారు.

ఇంటి నుంచి జ్వరంతో, దగ్గుతో తిరిగొచ్చాడు. ఇంకేముంది, అందరూ కరోనా అన్నారు. ఆ రోజుల్లో జ్వరమన్నా కరోనానే, దగ్గన్నా కరోనానే. ఇంకో జబ్బు చేయాలంటే ముందుగా టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, తీసుకోవాలేమో అన్నట్టుండేది. ముక్కులో పుల్ల పెట్టారు, లేదంది. మళ్ళీ పెట్టారు, మళ్ళీ లేదంది. మూడోసారి కూడా లేదన్నాక ఎవరికో ఛాతీ స్కాన్ తీయాలని తోచింది. కుడి ఊపిరితిత్తిలో గుండ్రటి మచ్చ కనిపించింది. అక్కడ కడిగిన నీళ్ళే మా దగ్గరికి వచ్చిన నమూనా. మా టెక్నీషియను బతిమాలి, తిట్టి, కాపలా కాసి దాన్ని పెంచింది. బూడిద కలిసిన ఆకుపచ్చ రంగులో, ముఖమల్ గుడ్డలా పరుచుకుంది. చూడటానికి అందంగా ఉంటుంది. చెప్పకూడదు గానీ నిజం.

బూజు రావడం వింత కాదు. తెల్లకణాలు పడిపోయినవాళ్ళకు అది వస్తుందనే, రాకుండా ముందుగానే రోజూ ఒక మాత్ర ఇస్తారు. ఈ అబ్బాయికీ ఇచ్చారు. ఇంటికి పంపేటప్పుడు కూడా రాసిచ్చారు. మరి ఆ మందు కడుపులో పడుతుండగా బూజు ఎలా పెరిగింది? దీనికి రెండే జవాబులు. ఒకటి, బూజు మొండిదై ఉండాలి. ఇక్కడి పొలాల్లో దాదాపు ఇదే జాతి మందులు చల్లుతారు గనుక కొన్ని బూజులు వాటికి అలవాటుపడిపోయి, మనుషులకిచ్చే మందుకు కూడా లొంగవు. రెండు, మందు రక్తంలోకి చేరకపోయి ఉండాలి.

రెండూ చూశాం. ఆ బూజు మందు తగలగానే చచ్చింది, ఏ మొండితనమూ లేదు. రక్తంలో మందు ఎంతుందో చూస్తే, ఉందని చెప్పడానికి సిగ్గుపడేంత తక్కువ ఉంది. అదే రిపోర్టులో రాసి సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో నేను రాసిన అత్యంత శుభ్రమైన రిపోర్టుల్లో అదొకటి, ఒక్క అక్షరం తప్పు లేదు. కానీ బూజు నిర్దోషి అని తేలితే దోషి ఎవరు? మిగిలింది మనిషే. రోగి మాత్రలు వేసుకోవడం లేదు. వార్డులో అందరూ అదే అర్థం చేసుకున్నారు, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే అర్థం చేసుకునేదాన్ని.

అతన్ని అడిగారు. మాత్రలు వేసుకుంటున్నారా? రోజూ వేసుకుంటున్నానన్నాడు. నర్సు అడిగింది, చిన్న డాక్టరు అడిగాడు, మందుల నిపుణురాలు వచ్చి అడిగింది. ముగ్గురిదీ ఒకే ప్రశ్న, ఒకరికంటే ఒకరు కాస్త గట్టిగా. మూడోసారికి ఆ అబ్బాయి ఒళ్ళు మండి గోడవైపు తిరిగి పడుకున్నాడట. "సహకరించడం లేదు" అన్న మాట అప్పుడే పుట్టింది.

మార్పిడి కేసులన్నీ గురువారం ఉదయం మీటింగులో తేలేవి. కరోనా కదా, ఎవరి గదిలో వాళ్ళం కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్ళం. మార్పిడి విభాగం సీనియర్ డాక్టరు పొడుగాటి మనిషి, మాట కొలిచి మాట్లాడతాడు. చెడ్డవాడు కాదు. ఇరవై ఏళ్ళలో ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజూ పెంచకుండానే అన్నాడు.

"మార్పిడి తర్వాత ఏడాది పాటు ఈ మనిషి గుప్పెడు మాత్రలు వేసుకోవాలి. ఒక్క మాత్రనే నమ్మకంగా వేసుకోనివాడికి మజ్జ మార్చి, బూజు చేతిలో చంపడం నాకిష్టం లేదు. ఈ తేదీ వదులుకుందాం. సాయంత్రంలోగా దాతల కేంద్రానికి కబురు చేస్తాను."

తేదీ వదులుకోవడమంటే ఏమిటో తెర మీదున్న అందరికీ తెలుసు. దాత మళ్ళీ ఒప్పుకుంటాడో లేదో, ఈలోపు జబ్బు ఆగుతుందో లేదో. ఆయన వాదనలో మాత్రం నాకు తప్పేమీ కనిపించలేదు. అందరి తెరల మీదా నా రిపోర్టే తెరిచి ఉంది.

అప్పుడు చిన్న డాక్టరు, ఏదో పూర్తి చేయాలి కదా అన్నట్టు, ఇంటి వివరాలు చదివాడు. భార్య ఉంది, ఆమెదీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే, పొద్దస్తమానం ఇంటి నుంచే మీటింగుల్లో ఉంటుంది. తల్లి చూడటానికి వచ్చి, విమానాలు ఆగిపోవడంతో ఇక్కడే చిక్కుకుపోయింది. ఇంట్లో మందులన్నీ తల్లే చూసుకుంటుంది.

నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను. కరీంనగర్ తల్లి, ఒక్కగానొక్క కొడుకు, చేతిలో మందుల డబ్బా. ఆ ఇంట్లో మాత్ర మర్చిపోవడమా? కర్ఫ్యూ పెట్టినా, భూకంపం వచ్చినా ఆ మాత్ర ఆ నోట్లో పడి తీరుతుంది. ఈ సంగతి రుజువు చేసే పరీక్ష ఏ ల్యాబులోనూ లేదు గానీ నాకు నా పేరంత గట్టిగా తెలుసు.

"మధ్యాహ్నం దాకా ఆగండి," అన్నాను. "నేను వెళ్ళి అడుగుతాను."

"అడిగాం కదా," అన్నాడాయన.

"జర్మన్‌లో అడిగారు."

"అతని జర్మన్ చాలా బాగుంటుంది. పాడర్‌బోర్న్‌లో చదివాడు."

అదీ నిజమే. అయినా "మధ్యాహ్నం దాకా," అన్నాను మళ్ళీ. ఆయన ఒక క్షణం చూసి "సరే, మధ్యాహ్నం దాకా" అన్నాడు.

ల్యాబు డాక్టర్లం వార్డులకు వెళ్ళేవాళ్ళం కాదు. కరోనాలోనైతే అసలే కాదు. నేను వెనకాముందాడుతుంటే మా టెక్నీషియను గౌను తెచ్చి నా ఒంటికి తొడిగి, వెనక ముడులు బిగించింది. "పై అంతస్తు వరకే కదా, చంద్రుడి మీదికా? వెళ్ళిరా," అని తోసింది. ఆ ముడులు ఎంత బిగించిందంటే తిరిగొచ్చాక కత్తెరతో కోయాల్సి వచ్చింది.

గదిలో అబ్బాయి కిటికీ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. జుట్టు లేదు, బుగ్గలు లోపలికి పోయాయి. మాస్కు, దాని మీద అద్దం, ఇవన్నీ పెట్టుకున్న ఆకారం తెలుగులో "ఏం బాబూ, ఎలా ఉన్నావు?" అనేసరికి ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.

"మేడం... మీరు మనోళ్ళా?"

"గుంటూరు. నీ బూజును పెంచింది మా ల్యాబే," అన్నాను. మొదటి పరిచయానికి అంత గొప్ప మాట కాదు. అయినా నవ్వాడు. నవ్వుతుంటేనే కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నేను అబద్ధమాడుతున్న అనుకుంటుండ్రు మేడం. ఒక్క దినం సుత ఇడువలే. నేనిడిసినా మా అమ్మ ఊకుంటదా? పొద్దుగాల కండ్లు తెరిసేసరికి గోలి పట్టుకొని మంచం కాడ నిలవడేది."

"పొద్దున్నే? ఏమైనా తిన్నాక కాదూ?"

"లే. పరగడుపునే. పరగడుపున ఏస్తే మందు మంచిగ పనిచేస్తదని మా అమ్మ పట్టు."

ఆ మందు భోజనంతో వేసుకుంటేనే బాగా ఒంటికి పడుతుంది. కానీ అదొక్కటే అయితే రక్తంలో మరీ అంత తక్కువ ఉండకూడదు. కుర్చీ లాక్కుని కూర్చున్నాను. వార్డులో కుర్చీ ముట్టుకోకూడదని రూలు. ముట్టుకున్నాను.

"అమ్మ మాత్ర ఇస్తుంది. నువ్వు నీళ్ళతో మింగుతావు. అంతేనా?"

"మింగుడెక్కడిది మేడం? కీమో అయినంక నోరంత పుండ్లాయె. ఉమ్మి మింగుదామన్నా ఏడుపొచ్చేది. అమ్మ వచ్చేటప్పుడే ఊరి నుంచి చిన్న కల్వం తెచ్చుకున్నది, దాంట్ల గోలి మెత్తగ నూరి, తేనెల రంగరించి నాలిక మీద పెట్టేది. అట్లయితేనే దిగింది. లేకుంటే ఒక్కటి సుత దిగకపోవు."

అతను నా మొహం చూస్తున్నాడు, కనిపించేవి కళ్ళే అయినా.

"ఏమైంది మేడం? నమలద్దన్నది నర్సు. నేను నమలలే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ మాత్ర మీద ఒక పూత ఉంటుంది. ఆ పూత దాన్ని కడుపులో కరగనివ్వకుండా, కిందికి, పేగుల దాకా చేరుస్తుంది. అక్కడ కరిగితేనే మందు రక్తంలోకి ఎక్కుతుంది. పూత నూరేస్తే మందు చాలావరకు వృథా. ఆ తల్లి రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ పూతనే మెత్తగా నూరింది. ఇంకో సంగతి, తెల్లకణాలు లేనివాడికి పచ్చి తేనె కూడా పెట్టకూడదు. ఆ మాట ఆ పూటకు మింగేశాను, ఒక్కసారి అన్నీ చెప్పనవసరం లేదు.

చిన్నప్పుడు మా నాయనమ్మ నాకు అన్ని మందులూ ఇలాగే ఇచ్చింది. నా పిల్లలకు నేనూ ఇచ్చాను, ఇదే దేశంలో, ఎండీ పట్టా గోడకు తగిలించుకుని. మాత్ర వేసుకుంటున్నావా అని ముగ్గురడిగారు. ఎలా వేసుకుంటున్నావని ఒక్కరూ అడగలేదు. గ్లాసెడు నీళ్ళు, ఒక గుటక, ఇంకోలా వేసుకునే దారి ఉంటుందని వాళ్ళకు ఊహకే రాదు.

విషయం చెప్పాను. తెలివైన కుర్రాడు, సగంలోనే అర్థమైపోయింది. మొట్టమొదట అడిగింది తన గురించి కాదు.

"అమ్మకు చెప్పకున్రి మేడం. మీకు దండం పెడుత. నా చేతులతోనే నా కొడుకును గిట్ల చేసుకున్ననని గుండె పలిగి చస్తది. నా భార్యకు చెప్త, ఇగ ఆమె చూసుకుంటది. అమ్మకు మాత్రం వద్దు."

"సరే," అన్నాను. ఆ నిమిషంలో మనస్ఫూర్తిగానే అన్నాను.

కిందికి వచ్చి సీనియర్ డాక్టరుకు ఫోన్ చేశాను. నూరారు, తేనెలో కలిపారు, పరగడుపున. "తేనెలోనా?" అన్నాడాయన, అదొక్కటే నమ్మలేనట్టు. ఇది మా ఇళ్ళల్లో మామూలేనని చెప్పాను. తర్వాత ఆయన అన్న మాటకు ఇప్పటికీ ఆయన మీద నాకు గౌరవం.

"అయితే అతను నిజమే చెప్పాడు. మనం ప్రశ్న సరిగా అడగలేదు. వెళ్ళి క్షమాపణ చెబుతాను." ఆగి, "కానీ నాకొక భరోసా కావాలి. ఇంట్లో మందులిచ్చేది తల్లి అన్నారు. రేపు మార్పిడయ్యాక కూడా ఆమే ఇస్తుంది. ఆమెకు నేరుగా, పూర్తిగా చెప్పి, ఆమెకు అర్థమైందని మీరు నాకు చెప్పాలి. ఇవాళే. అప్పుడు నేను దాతల కేంద్రానికి ఫోన్ చేయను."

భార్యకు చెబితే చాలదా అన్నాను. "ఆమె మీటింగులో ఉన్నప్పుడు ఎవరిస్తారు?" అన్నాడు. కొడుక్కి ఇచ్చిన మాట చల్లారకముందే ముందు నుయ్యి, వెనుక గొయ్యి అయింది నా పని.

విజిటర్లను రానిచ్చేవాళ్ళు కాదు గనుక ఆ తల్లి రోజూ మధ్యాహ్నం ఆస్పత్రి ఎదుటి పార్కులో, కొడుకు కిటికీ కనిపించే బెంచీ మీద కూర్చుంటుందని అబ్బాయే చెప్పాడు. వెళ్ళాను. నేత చీర మీద కొడుకు చలికోటు, కాళ్ళకు ఊలు సాక్సులు, పక్కన స్టీలు టిఫిన్ డబ్బా. లోపలికి పంపనివ్వరని తెలిసినా తెచ్చేదట. బెంచీకి ఆ చివర ఆమె, ఈ చివర నేను.

నేనెవరో చెప్పాను. గబుక్కున లేచి నిలబడింది. "డాక్టరమ్మా, నా కొడుకు మంచిగున్నడా?"

"బాగున్నాడమ్మా, కూర్చోండి. మాత్రల గురించి మాట్లాడటానికి వచ్చాను." చెప్పాల్సినదంతా దారిలో కూడబలుక్కున్నాను. గతం ఎత్తకుండా ఇకమీద చేయాల్సింది మాత్రం చెప్పి బయటపడాలని. "ఇకనుంచి ఆ మాత్ర నూరకూడదమ్మా. అన్నం తిన్నాక, నిండు మాత్ర, నీళ్ళతో మింగాలి."

ఆమె టిఫిన్ డబ్బా పక్కకు జరిపి నావైపు తిరిగింది.

"ఇగ నుంచా?" అంది మెల్లగా. "అయితే ఇన్ని దినాలు నేను నూరింది?"

అబద్ధం నాలుక చివర సిద్ధంగా ఉంది. మందు మార్చారమ్మా, పాతది నూరొచ్చు, కొత్తది నూరకూడదు. ఎంత తేలిక! కానీ రేపు ఇంటికి వెళ్ళాక ఇంకో మాత్ర వస్తుంది, దానికీ పూత ఉంటుంది, ఈమె చేతిలో కల్వం ఉంటుంది. కారణం తెలియని మనిషి ఒక్క మాత్రను మాత్రమే మానుతుంది. అందుకే చెప్పేశాను. పూత సంగతి, పేగుల సంగతి, ఊపిరితిత్తిలో మచ్చ సంగతి. ఎంత మెత్తగా చెప్పినా అది మెత్తటి విషయం కాదు.

ఆమె ఏడవలేదు. ఏడుస్తుందని సిద్ధపడి వచ్చిన నాకు అది ఇంకా కష్టమైంది. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, కిటికీ వైపు చూస్తూ అంది. "కొండ నాలికకు మందేస్తే ఉన్న నాలిక ఊడినట్టు చేసిన."

"మీ తప్పొక్కటే కాదమ్మా. మేం ఎవరం అడగలేదు."

"అవు, ఎవ్వలడగలే," అంది. అప్పుడు వచ్చింది కోపం, మంచిదే అనుకున్నాను. "గంత పెద్ద దవాఖాన! రకతం గుంజిరి, ఫోటోలు దీసిరి. అమ్మా, గోలి ఎట్లేస్తున్నవని ఒక్కలన్న అడిగితే నోరు పోయేదా? నేను దాసుకుంటనా?"

తిలా పాపం తలా పిడికెడు. అందులో నా పిడికిలీ ఉంది గనుక తల వంచుకుని విన్నాను. కాసేపటికి ఆమే కళ్ళు తుడుచుకుంది.

"సరే ఇగ చెప్పు. ఎప్పుడెయ్యాలె, ఎట్లెయ్యాలె. మల్లొకసారి చెప్పు."

చెప్పాను. నాకు అప్పజెప్పింది. ఇంకో మాత్ర ఇస్తే ఏం చేయాలన్నాను. "ముందుగాల అడగాలె, నూరచ్చునా నూరద్దా అని," అంది. మా పరీక్షల్లో కూర్చున్న వైద్య విద్యార్థులు కూడా ఇంత సూటిగా జవాబు చెప్పిన గుర్తు లేదు. నేను లేవబోతుంటే చేయి చాచి, కరోనా గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"డాక్టరమ్మా, ఒక్క మాట. నాకు తెల్సని నా కొడుక్కు చెప్పకు. అమ్మకు ఎరుకైందంటే వాడు కుమిలిపోతడు. బీమారు మనిషి. మందు మార్చిండ్రట, గిది నూరద్దట అని నేనే చెప్త వానికి."

"సరేనమ్మా," అన్నాను. అప్పటికి ఒకే రోజు ఒకే విషయం మీద రెండు మాటలిచ్చాను. వాటిలో ఒకటి అప్పటికే తప్పాను.

ఆమెకు నాకంటే బాగా అర్థమైందని సీనియర్ డాక్టరుకు చెప్పాను. ఆయన దాతల కేంద్రానికి ఆ ఫోన్ చేయలేదు. మర్నాడు అబ్బాయి మంచం పక్కన నిలబడి క్షమాపణ చెప్పాడట. ఆ జర్మన్ డాక్టరు అంత ఎత్తునుంచి వంగి సారీ చెబుతుంటే ఏం చేయాలో తోచక తనే సారీ చెప్పానని అబ్బాయి తర్వాత నాతో అన్నాడు.

అంతటితో అన్నీ సర్దుకున్నాయని అనుకోకండి. బూజు అంత తేలిగ్గా ఊపిరితిత్తిని వదలదు. సిరలోకి వేరే మందు ఎక్కించారు, దానికి మూత్రపిండాలు మొరాయించాయి. తేదీ రద్దు కాలేదు గానీ వాయిదా పడింది. ఆ ముక్కూ మొహం తెలియని దాత, పాపం, వాయిదాకు ఒప్పుకున్నాడు. నోటి పుండ్లు మానాక మళ్ళీ మాత్రలు మొదలుపెట్టారు, ఈసారి అన్నం తర్వాత, నిండు మాత్ర. రక్తంలో మందు చూసే పరీక్ష మళ్ళీ వచ్చింది. అంకె తెర మీదికి రాగానే మా టెక్నీషియను ల్యాబు దద్దరిల్లేలా అరిచింది. పక్క గదిలో కరోనా పరీక్షలు చేసుకుంటున్నవాళ్ళు ఏదో పగిలిందనుకుని పరిగెత్తుకొచ్చారు. చలికాలం మధ్యలో మార్పిడి జరిగింది. ఆ అబ్బాయి బతికాడు. ఇప్పుడు నన్ను చూడటానికి వచ్చినప్పుడల్లా సైకిలు మీద నన్ను దాటి వెళుతూ "మేడం, జర తొందరగ తొక్కున్రి" అని ఎగతాళి చేస్తాడు.

మార్పిడి అయ్యాక ఒకసారి అతను నాతో రహస్యంగా చెప్పాడు. "అమ్మకు ఇప్పటికి తెల్వది మేడం. మందు మార్చిండ్రు, ఇది నూరద్దన్నరని చెప్పిన. పాపం, నమ్మింది." విమానాలు మొదలై ఊరికి వెళ్ళేముందు తల్లి ఫోన్ చేసి సరిగ్గా అదే మాట, అదే గొంతుతో చెప్పింది. "మందు మార్చిండ్రట అని చెప్పిన. పాపం, నమ్మిండు." ఇద్దరికీ "అలాగా" అన్నాను.

మా వార్డులో ఆ తర్వాత ప్రశ్న మారింది. మాత్రలు వేసుకుంటున్నారా అని ఎవరూ అడగరు. ఒకటి వేసుకుని చూపించండి అంటారు. ఒక తాతగారు బీరుతో వేసుకుని చూపించాడట. పిల్లలూ, మీకు చెప్పదల్చుకున్న సాంకేతిక విషయం ఈ కేసులో అంతవరకే. మిగతాది పుస్తకాల్లో ఉంది.

ఇంతకాలం దీన్ని ఎక్కడా రాయకపోవడానికి కారణం ఆ రెండు మాటలే. రాస్తే ఇద్దరికీ తెలిసిపోతుంది. కరీంనగర్ నుంచి ఆమె నాకు నెలకోసారైనా ఫోన్ చేస్తుంది, వాడకట్టులో ఎవరికి కొత్త మందు రాసినా. "డాక్టరమ్మా, ఎదురింటి ముసలమ్మకు బీపీ గోలి ఇచ్చిండ్రు, నూరచ్చునా?" బూజు డాక్టర్ని, నాకు బీపీ గోలి సంగతి తెలియదంటే ఊరుకోదు. చచ్చినట్టు కనుక్కుని చెబుతాను. కిందటిసారి అలా ఫోన్ చేసినప్పుడు అడిగేశాను. ఇక్కడి పిల్లలు రాయమంటున్నారు, రాస్తే మీవాడు చదువుతాడు, మీకు మొదటినుంచీ తెలుసని తెలిసిపోతుంది, ఏం చేయమంటారు?

ఆ ఫోన్లో ఆమె వాకిట్లో కోడి అరుపు వినిపిస్తోంది.

"నువ్వు చెప్పిన దినం నీ మీద మస్తు కోపమొచ్చింది," అంది. "ఎందుకు చెప్పింది, ఊకుంటే నిమ్మళంగ ఉందును గద అని. వారం దాక బువ్వ సయించలే. ఇప్పటికి సుత ఆ కల్వం ముడుతలేను." అంతలోనే అంది. "అయినా రాయి. వాడు చదివితే చదవనియ్యి. బతికున్నడు గద, ఏడిస్తే ఏడుస్తడు. నా పేరొద్దు, వాని పేరొద్దు. నూరద్దు అన్నది మాత్రం జర పెద్దగ రాయి."

నూరద్దు. ముందు అడగాలె.